తేనెటీగల పుస్తకం, పాత పేపర్ల కట్ట

గ్రంథాలయం పుస్తకాన్ని నేను చెత్తలో పడేశానని ఆత్మకూరులో చెప్పుకుంటున్నారు. పడేసిన మాట నిజమే. కానీ ఎలా పడిందో ఎవరూ చెప్పడం లేదు కాబట్టి ఇది రాసిపెట్టాల్సి వచ్చింది.

బడి చదువు ఎనిమిదితో ఆగినా, మా గ్రంథాలయంలో నేను తెరవని అల్మారా లేదు. ఆ వారం తేనెటీగల పెంపకం మీద ఒక పాత పుస్తకం అడిగాను. అది బయటికి ఇవ్వకూడనిది. గ్రంథపాలకుడు చాలాసేపు నసిగి, చివరికి ఇచ్చాడు.

"సోమవారం పొద్దున నా టేబుల్ మీద ఉండాల. లేకపోతే నీ కార్డు చించేస్తా."

ఇంటికి రాగానే దానికి పాత దినపత్రికతో అట్ట వేశాను. చేతికొచ్చిన ప్రతి పుస్తకానికీ ముందు చొక్కా తొడగడం నా అలవాటు.

సోమవారం పొద్దునే సీసాలు, డబ్బాలు, పాత పేపర్ల కట్ట బండి మీద పెట్టుకుని చెత్త వేరుచేసే కేంద్రానికి వెళ్లాను. గ్రంథాలయం తెరిచేలోపు ఈ పని తెమిలిపోతుందని నా లెక్క. కట్టను షెడ్డులో పేపర్ల గుట్ట మీదికి విసిరి, అక్కడ పనిచేసే ఆమెకు ప్లాస్టిక్‌లో ఏడు రకాలున్నాయని వివరించసాగాను. నాలుగో రకం దగ్గర ఆమె అడ్డుపడింది.

"నాకు రెండే రకాలన్నా. కడిగి తెచ్చింది, కడక్కుండా తెచ్చింది. నీది రెండోది."

అంతలో మా ఆవిడ ఫోన్ చేసింది. ఉదయగిరిలో చెల్లెలింటికి పోతూ బస్సులో ఉంది.

"బల్ల మీద పేపర్లన్నీ కట్టిపెట్టినా, తీసకపోయినావా?"

"బల్ల మీద పుస్తకం?"

"పుస్తకం యాడుండాది? అన్నీ పేపర్లేగా!"

గుట్టలో అన్నీ ఒకేలాంటి కట్టలు. తేనెటీగల పుస్తకం అందులో పడిందని ఆమెకు చెప్పాను. ఇద్దరం కూర్చుని విప్పసాగాం.

"మీ ఇంట్లో తేనెటీగలుండాయా అన్నా?"

"లేవమ్మా."

"పెంచతావా?"

"అమ్మో, కుడతాయి."

"మరి ఎందుకు చదివేది?"

"తెలుసుకుందామని."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఇంకో కట్ట విప్పింది.

గుట్ట అవతల ఏదో నములుతున్న చప్పుడైంది. ఆమె చెప్పు తీసుకుని లేచింది. మేక! దాని నోట్లో సగం సినిమా పేజీ, కాళ్ల దగ్గర పసుపు అట్ట మీద తేనెటీగ బొమ్మ. నేను వేసిన అట్టంతా తినేసింది గానీ పుస్తకాన్ని ముట్టలేదు.

గ్రంథపాలకుడు పుస్తకం తిరగేసి, "ఏందయ్యా ఈ తడి?" అన్నాడు.

"మేక ఎంగిలి సార్."

కథంతా విని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కార్డు చించలేదు. "నువ్వు మాత్రం ఇంక ఇక్కడే కూర్చోని చదువు" అన్నాడు.

గుట్టంతా నాతోపాటు వెతికిన ఆమెకు, కార్డు మిగిల్చిన గ్రంథపాలకుడికి, ఫోన్ చేసిన మా ఆవిడకు నా కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని ముగ్గురూ గట్టిగా చెప్పారు. మేక పేరు విచారించాను. పెట్టలేదట.