దానంతటదే మాస్టారు

మా అనువాదాల ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ఎదుట తప్పు చేయడం ఎవరి తరమూ కాదు. చేసినా ఆయన ఒప్పుకునేవారు కాదు. "గ్లాసు పగలగొట్టాను మాస్టారూ" అంటే, "నువ్వెక్కడ పగలగొట్టావమ్మా? అది పగిలిపోయింది. నువ్వు పక్కన ఉన్నావు, అంతే" అనేవారు. అందుకని దానంతటదే మాస్టారు అని పేరు పెట్టాను. సంగతి ఆయన చెవిన పడింది. "పెట్టావనకు. పేరు పడిపోయింది, అంతే" అని దిద్దారు.

పరాయి దేశంలో, టైర్ల కొట్టు పైన రెండో అంతస్తులో ఐదు బల్లల తెలుగువాళ్ల ఆఫీసు మాది. ఊళ్లో పనిచేసే స్పానిష్‌వాళ్ల కాగితాలను ఇంగ్లీషులో పెట్టి పంపడం మా పని. మాలో ఒకరు రాయాలి, మాస్టారు సరిచూసి పొడి సంతకం చేయాలి, మేనేజర్ ముద్ర కొట్టాలి. మాస్టారి బల్ల మీదికి వెళ్లిన కాగితం అత్తారింటికి వెళ్లిన కొత్తల్లుడే. ఎప్పుడు బయల్దేరుతుందో అడగడానికి కూడా మొహమాటం.

ఆ జాప్యానికంతా మూలం ఒకే ఒక్క క్రియ, కయేర్సె. స్పానిష్‌లో 'కయేర్' అంటే పడడం. దాని తోకకి 'సె' తగిలిస్తే పడిపోవడం, జారిపోవడం, రాలిపోవడం, కూలిపోవడం. జుట్టుకీ అదే మాట, చొక్కా గుండీకీ అదే మాట, గోడకీ అదే మాట.

"చేతిలో కప్పు జారితే వాళ్లు ఏమంటారు? 'సె మె కయో' అంటారు. అంటే కప్పు తనంతట తను పడింది, ఆ కష్టం వచ్చి నాకు తగిలింది అని. మరి ఇంగ్లీషువాడో? 'ఐ డ్రాప్డ్ ఇట్' అంటాడు. నేను పడేశాను! చూశావా, ఒక్క ముక్కలో మనిషిని బోనెక్కించాడు."

"మరి ఏం రాయమంటారు మాస్టారూ?"

"చేతిలోంచి జారిందని రాయి, నాలుగు మాటలు ఎక్కువైతే కాగితమేం ఏడవదు. మన తెలుగు చూడు ఎంత పెద్ద మనసో! జారిపోయింది. 'పోయింది' అన్నాక ఇంకెవర్ని తిడతావు?"

మాస్టారి భార్యని నేను పిన్నిగారూ అనేదాన్ని. ఓసారి ఆవిడ నా దగ్గర కళ్లు ఒత్తుకుంది. "పెళ్లయి ముప్పై ఆరేళ్లు. ఒక్కరోజు కూడా కూర మాడ్చావని అనలేదమ్మా ఈయన. మాడిపోయింది అంటారు. ఎంత శ్రద్ధగా మాడ్చినా ఆ పేరు నాకు దక్కదు."

"పోనీ బాగా వండినప్పుడు?"

"అప్పుడు మాత్రం బాగా వండావు అంటారు. అందుకే వదిలి పోలేకపోయాను."

నవ్వుకున్నాం. నేను ఆఫీసుకొచ్చి అందరికీ చెప్పి మరీ నవ్వించాను. అప్పట్లో నాకు పని తక్కువ, నోరు ఎక్కువ.

ఒకరోజు కళ్లద్దాల ఫ్యాక్టరీ నుంచి ఒక వాంగ్మూలం వచ్చింది. అక్కడ అద్దాలు కడిగే ఒక ఆడమనిషి చేతిలోంచి ట్రే జారింది. రెండు వందల అద్దాలు ముక్కలయ్యాయి. ఆవిడ చెప్పుకున్నది ఒకటే వాక్యం, 'సె మె కయో లా బాండేహా'. మేనేజర్ తలుపు దగ్గర నిలబడి గడియారం చూస్తున్నాడు. మాస్టారికిస్తే మూడు రోజులు. నేను 'ఐ లెట్ ఇట్ ఫాల్' అని టైపు కొట్టేశాను. సరిచూసినవారు అన్న గడిలో మాస్టారి పొడి సంతకం కూడా నేనే గిలికి పంపేశాను.

'ఐ లెట్ ఇట్ ఫాల్' అంటే జారవిడిచాను అని. జారిపోవడం వేరు, జారవిడవడం వేరు. తెలుగు చదువుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది. నాకు ఆ రోజు తోచలేదు. ఇదిగో, నేనూ నేర్చాను 'తోచలేదు' అనడం! తోచనివ్వలేదు. ఇంటికి పోయే తొందర.

ఐదో రోజు ఆ మనిషే మా మెట్లెక్కి వచ్చింది. కావాలని ట్రే వదిలేసినట్టు స్వయంగా ఒప్పుకున్నావంటూ ఫ్యాక్టరీవాళ్లు ఆవిడని గెంటేశారు. చేతులకి అద్దాలు కడిగే మందు వాసన ఇంకా పోలేదు. "నేను అలా అనలేదు, నేను అలా అనలేదు" అని స్పానిష్‌లో అదే మాట. మాస్టారు ఆవిడ చేతిలోని కాగితం తీసుకుని చదివారు. కింద తన సంతకం చూశారు. తర్వాత తలెత్తి నన్ను ఒక్కసారి చూశారు. లేచి మేనేజర్ గదిలోకి వెళ్లారు, తలుపు వేయలేదు.

"ఈ కాగితంలో తప్పుంది. నేను చేశాను."

మేనేజర్ నోరెళ్లబెట్టాడు. "మీరా? పదేళ్లుగా ఈ ఒక్క క్రియ మీద మా చెవుల్లో జోరీగలా పాఠం చెబుతున్న మీరా?"

"నేనే."

"ఏదో పొరపాటు జరిగి ఉంటుంది లెండి."

"జరగలేదు. చేశాను. ఫ్యాక్టరీకి అలాగే రాయండి. ఆవిడ తప్పు లేదని, మా సరిచూసేవాడే తప్పు రాశాడని."

నేను నిఘంటువులో తల దూర్చి కూర్చున్నాను. ఏ పేజీయో గుర్తులేదు.

ఉత్తరం వెళ్లింది. వారం తిరిగేసరికి ఆవిడ మళ్లీ పనిలో చేరింది. ఆ మర్నాడే మాస్టారి బల్ల మీద నోటీసు, 'మీ సేవలు ఇంతటితో ముగిసినవి' అని. మాస్టారు ఎర్ర పెన్సిల్ తీసి ఆఖరి మాట కింద గీత గీశారు. మేనేజర్ గదికి తీసుకెళ్లి, "సేవలు వాటంతటవి ముగియవు. ముగించాను అని రాయండి" అన్నారు.

"ఏమిటో మాస్టారూ, అలా జరిగిపోయింది. మనసులో పెట్టుకోకండి."

"జరిగిపోయింది అనడానికి మీకు హక్కు లేదు. అది చేతిలో ట్రే ఉన్నవాళ్ల మాట. చేతిలో కలం ఉన్నవాళ్లది కాదు."

మేనేజర్ దిద్దలేదు. మాస్టారు మెట్లు దిగిపోయారు. రెండు నెలలకి ఆయన కుర్చీ నాకిచ్చారు. తప్పు చేసినదానికి కుర్చీ, నెత్తినేసుకున్నవాడికి వీధి. లోకానికి ఈ లెక్క బాగా వచ్చు. ఆ కుర్చీలో ఆర్నెల్లు కూర్చున్నాను. రోజుకి నలభై పొడి సంతకాలు చేశాను, ఒక్క కాగితమూ ఆలస్యం కాలేదు. మేనేజర్ నన్ను మెచ్చుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది, నా మీద నాకే.

చివరికి ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.

"మాస్టారూ, ఆ రోజు నేను నిజం చెప్పలేదు."

"నోరు పెగల్లేదు అనాలి."

"కాదు. నోరు మూసుకున్నాను."

"మూసుకుపోయింది అన్నా తప్పులేదు..."

"మూసుకున్నాను మాస్టారూ. ఉద్యోగం పోతుందని."

"భయం వేసిందమ్మా. భయాన్ని మనం వేస్తామా? అది వేస్తుంది" అంటూ ఇంకా నాకోసం క్రియలు వెతుకుతున్నారు. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది.

"మరి మీరెందుకు 'నేను చేశాను' అన్నారు? మీ వ్యాకరణంలో ఆ మాట లేదుగా?"

ఆయన నా వైపు తిరిగారు. "ఆవిడకి 'జారిపోయింది' దక్కాలంటే ఎక్కడో ఒకచోట 'చేశాను' ఉండాలి కదమ్మా. వాక్యంలో కర్త కనబడకపోతే ఆ మేనేజర్ వెతుకుతాడు. వెతికితే నువ్వు దొరుకుతావు. నీకప్పటికి ఉద్యోగమొచ్చి ఏడాదైనా కాలేదు."

మర్నాడు పొద్దున్నే మేనేజర్ గదిలో అంతా చెప్పాను. సంతకం గిలికిన సంగతితో సహా. ఆయన నోటీసు రాయించాడు. "ముగిసినవి అంటే తీసుకోను" అని ఎదురుగా కుర్చీలో బైఠాయించాను. గంటసేపు గింజుకుని, 'ఈమెను ఉద్యోగం నుంచి నేను తీసేశాను' అని స్వహస్తంతో రాసి సంతకం చేశాడు.

ఆ కాగితం తీసుకుని తిన్నగా మాస్టారింటికే వెళ్లాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివారు. "కర్త ఉన్నాడు, కర్మ ఉంది, క్రియ ఉంది. ఏమేవ్, ఇలా రా, ఎంత చక్కటి వాక్యమో చూడు!" అని కేకేశారు.

పిన్నిగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చదివింది. "వాక్యానికేం, బాగానే ఉంది. పాపం, పిల్ల ఉద్యోగం ఊడిపోయింది కదండీ?"

"ఊడిపోలేదు, పీకాడు!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.