సగం రోడ్డు

ఎలీసబెతుకు మోపెడ్ నడపడం వచ్చని కోడూరులో ఆమె వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది. అనుమానం వచ్చింది బందరు బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి ఒక్కడికే.

ఆమె పనిచేసేది రొయ్యల లాబులో. చెరువుల నుంచి వచ్చిన నీళ్ళూ రొయ్యలూ అక్కడ పరీక్ష చేస్తారు. సీసాలు, గాజు గొట్టాలు కడగడం ఆమె పని. ఏళ్ళ తరబడి ఆమె ముందున్నది ఒక సింకు, దాని వెనక తెల్ల టైల్సు గోడ. చెరువుల మీదికి వెళ్ళి శాంపిళ్ళు తెచ్చే జాన్సన్ బంటుమిల్లిలో ఇంకో లాబుకి మారిపోయాడు. ఆ సాయంత్రమే ఎలీసబెతు చేతులు తుడుచుకుని ఓనరు దుర్గాశ్రీనివాస్ దగ్గరికి వెళ్ళింది.

"ఆ పనికి నేను వెళ్తానండీ."

ఆయన ఫోనులోంచి తలెత్తాడు. "బండి మనదే ఇస్తాను ఎలీసబెతు గారూ. కాకపోతే లైసెన్సు కావాలి. జనవరి ఆఖరుకి తెచ్చారా, పని మీది. లేదా, ఇంకొకర్ని చూసుకుంటాను."

నేర్పే భారం భర్త అబ్రహాము నెత్తికెత్తుకున్నాడు. తాపీమేస్త్రి. ఇరవయ్యేళ్ళుగా మోపెడ్ నడుపుతున్నాడు, లైసెన్సు మాత్రం లేదు. అదేమని అడిగితే, "దివిసీమలో నన్నెరగనోడెవడు? లైసెన్సు కొత్తోళ్ళకి" అంటాడు.

నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్లెల్లార్ చేతికొచ్చేసరికి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. వాళ్ళింటి నుంచి కాలవ లాకు దాకా ఉన్న తారురోడ్డు ఆ కాలంలో వాహనాలది కాదు, వెంకటపతిది. వెళ్ళేటప్పుడు ఎడమచేతి వైపు సగం రోడ్డు పొడవునా ఆయన ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చాడు. మిగిలిన సగం లోకానిది. ఆ సగంలోనే ఎలీసబెతు చదువు మొదలైంది.

"కుడికి పోవే, కుడికి. ధాన్యం మీదికెక్కావంటే వెంకటపతి మనిద్దర్నీ బరకం మీద ఆరబెడతాడు" అని వెనక కూర్చున్న అబ్రహాము అరిచాడు. "రాళ్ళ వంక చూడకు. ముందుకి చూడు."

"ముందు రోడ్డు సగమే ఉందండీ."

"ఉన్నదాంట్లో నడుపు."

ఉన్నదాంట్లోనే లాకు దాకా వెళ్ళేది, ఉన్నదాంట్లోనే వెనక్కి వచ్చేది. టెస్టులో బండితో ఎనిమిది అంకె వెయ్యాలని, చర్చి ఆవరణలో అబ్రహాము సున్నంతో పెద్ద ఎనిమిది గీశాడు. క్రిస్మస్ నక్షత్రం కడుతున్నవాళ్ళు నిచ్చెన మీంచే సలహాలు ఇచ్చారు. పండగ నాటికి ఆమె కాలు కింద పెట్టకుండా ఎనిమిది మీద తిరగసాగింది.

జనవరిలో టెస్టు. మోపెడ్ మీద ఇద్దరూ బందరు చేరారు. ఆఫీసు ఇంకో వీధి అవతల ఉందనగా అబ్రహాము దిగిపోయాడు.

"ఇక్కణ్ణించి తోసుకుపో. ఇన్‌స్పెక్టరు ముందు నేను నడిపితే ఏం బావుంటుంది?"

ఎలీసబెతు తోసుకుంటూ వెళ్ళింది, అబ్రహాము వెనక నడిచాడు. ఎనిమిది గీత మీద గీసినట్టు వేసింది. ఇన్‌స్పెక్టరు తలూపి, "ఆ వేపచెట్టు దాకా వెళ్ళి తిరిగి రండమ్మా" అన్నాడు. వెళ్ళింది, వచ్చింది. నిదానంగా, ఎక్కడా తొణక్కుండా.

ఇన్‌స్పెక్టరు వేలితో రోడ్డు చూపించాడు. "వెళ్ళేటప్పుడు కుడిపక్కన వెళ్ళారు. వచ్చేటప్పుడు ఎడంపక్కన వచ్చారు. ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"కోడూరులోనండి. అటుపక్క ధాన్యం ఉంటుందండి."

"ఇక్కడ లేదుగా."

ఎలీసబెతు వెనక్కి తిరిగి చూసింది. నిజమే, లేదు.

"మీకు సగం రోడ్డే వచ్చు. ఇస్తే సగం లైసెన్సే ఇవ్వాలి. రెండో సగం నేర్చుకుని వచ్చే వారం రండి" అన్నాడాయన. పక్కకు తిరిగి, "మీరు?" అని అబ్రహామును అడిగాడు.

"వాళ్ళాయన్నండి. బస్సులో వచ్చాను" అన్నాడు అబ్రహాము, బండి ఆగగానే తీసుకున్న మోపెడ్ తాళం పిడికిట్లో దాచుకుంటూ.

నెలాఖరు దగ్గర పడుతోంది. లాబులో టైల్సు గోడ మునుపటికంటే తెల్లగా కనపడింది. మర్నాడు పొద్దున్నే వెంకటపతి దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఈ ధాన్యం ఎప్పుడెత్తుతారు?"

"తేమ తగ్గందే కొనరమ్మాయ్. మంచు పడతందిగా. నీకెందుకు?"

"దీని కింద నా లైసెన్సుంది."

సంగతంతా విని ముసలాయన భుజం మీది తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాడు. "అయితే ఊరికే చూస్తావేం? తిరగెయ్యి."

తిరగేసింది. పనికి పోయేముందు అటు నుంచి ఇటు, వచ్చాక ఇటు నుంచి అటు, ధాన్యంలో కాళ్ళీడ్చుకుంటూ చాళ్ళు తీసింది. అబ్రహాము కూడా వచ్చి, గోడలు కట్టేవాడితో వడ్లు తొక్కిస్తున్నావని సణుగుతూనే పొద్దుగూకితే బరకాలు కప్పాడు. ఎండలు కలిసొచ్చాయి. మళ్ళీ టెస్టు ఇంకో మూడు రోజులుందనగా వెంకటపతి బస్తాలకెత్తించాడు.

ఖాళీ అయిన రోడ్డు చూసి ఎలీసబెతు బండి ఆపేసింది. ఇంత వెడల్పా! పట్టుకుని నడపడానికి ఒక్క రాయి లేదు. మొదటిరోజు బండి దానంతటదే కుడికి లాగింది. "అటుపక్క ధాన్యం ఉందనుకో" అన్నాడు అబ్రహాము. అనుకుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు కూడా కుడివైపు, కళ్ళకు లేని ధాన్యాన్ని మనసులో ఆరబోసుకుంది.

రెండోసారి అదే ఇన్‌స్పెక్టరు, అదే వేపచెట్టు. ఆమె ఎడమ అంచు పట్టుకుని వెళ్ళి, ఎడమ అంచు పట్టుకుని వచ్చింది.

"మరీ అంత అంచుకి వద్దమ్మా, మీ ఊళ్ళో కాలవలుంటాయి" అని సంతకం పెట్టాడాయన. తర్వాత అబ్రహాము వైపు చూశాడు. "ఈసారీ బస్సేనా? బస్సు తాళం మీ దగ్గరే ఉన్నట్టుందే."

అబ్రహాము పిడికిలి వంక చూసుకున్నాడు. తాళం చెయిను బయటికి వేలాడుతోంది. "ఎల్లెల్లార్‌కి ఏమేం కావాలండీ?" అని అడిగాడు.

నెలాఖరుకి ముందే లైసెన్సు ఫోనులో చూపించింది. దుర్గాశ్రీనివాస్ మాట తప్పలేదు, స్కూటరు తాళం ఇచ్చాడు.

మొదటి రోజు ఖాళీ సీసాల పెట్టె వెనక కట్టుకుని బయల్దేరితే, లాకు రోడ్డు మీద మళ్ళీ ధాన్యం. ఆలస్యంగా కోసిన వెంకటపతి తమ్ముడు భూషణం ఆరబోసుకున్నాడు. మళ్ళీ ఎడమవైపే.

"కుడిపక్క నుంచి పో అమ్మాయ్, నీకలవాటేగా" అన్నాడు.

ఎలీసబెతు ఆగింది. ఎదురుగా వస్తున్న ఆటోను పోనిచ్చింది. ఇండికేటరు వేసి కుడికి వెళ్ళి, ధాన్యం దాటగానే ఎడమకు వచ్చేసింది. అక్కణ్ణించి చెరువుల దాకా రోడ్డు రెండు పక్కలా ఖాళీగానే ఉంది.