గైడ్‌గారి బెల్లం

ఊరెళ్లిన స్కాలరు ఒట్టి చేతులతో తిరిగి రాకూడదు మా ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్లో. అనకాపల్లి బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన బెల్లం సంచి చూసి ఎవరికని అడిగాడు. మా పీహెచ్‌డీ గైడ్‌గారింటికని పేరుతో సహా చెప్పాను.

"ఎనక గుమ్మం కాడే దింపమ్మా. ముందునుంచెల్తే సారుకి కోపం. నేనూ ఆయన స్కాలర్నే" అన్నాడు.

"మీ థీసిస్ అయిపోయిందా?"

"నువ్వెంతవరకూ రాసేవు?"

"నాలుగో చాప్టర్ ఇచ్చాను."

వదులైన సంచి మూతి ఆయనే బిగించి కట్టాడు. "నాదీ బావుందనే అనీవోరు. బావుందని మళ్లీ రాయించీవోరు. అలాగెన్నేళ్లని రాత్తాం" అంటూ నర్సీపట్నం బస్సెక్కాడు.

ఆ సాయంత్రం వెనక గుమ్మం దగ్గర సంచి దించుతుంటే, గైడ్‌గారు లోపల్నుంచే అన్నారు.

"చాప్టర్ బావుందమ్మా. ఇంకోసారి రాసి తీసుకురా."