వాడి దగ్గర లేని కెమెరా

మా తోడల్లుడికి కెమెరా పట్టుకోవడం నేర్పింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే గాని నాకు ఊపిరాడదు. వాడు మా ఆవిడ చెల్లెలి మొగుడు. చీరాలలో మగ్గాల కుటుంబం. పెళ్ళయిన కొత్తలో ఏ పనీ కుదరక తిరుగుతుంటే మా మామగారు నన్ను పిలిచి, "కాస్త మీ వెంట తిప్పుకోండి అల్లుడుగారూ" అన్నారు. నాకు పెదకాకానిలో స్టూడియో ఉంది. సరేనని తిప్పుకున్నాను. ఒక పాత వీడియో కెమెరా చేతికిచ్చి, పెళ్ళిలో ఎక్కడ నిలబడాలో, పురోహితుడికి అడ్డం పడకుండా ఎలా వంగాలో, ఏ ముత్తయిదువను వదిలేస్తే తర్వాత మాటొస్తుందో అన్నీ నేర్పాను.

అప్పట్నుంచీ ఫోటో నాది, వీడియో వాడిది. ఏ ఊరి పెళ్ళికైనా ఇద్దరం ఒకే బండి మీద వెళ్ళేవాళ్ళం. వాడు నన్ను అన్నయ్యా అనేవాడు, నేను వాణ్ణి ఏరా అనేవాణ్ణి. చాలా ఏళ్ళు బాగానే జరిగింది.

మొన్నటి చలికాలంలో వాడు మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. నాకు చెప్పలేదు. ఒక పెళ్ళిలో సంచిలోంచి తీశాక చూశాను. నాదేమో లోపల అద్దం ఉన్న పాత రకం. నొక్కిన ప్రతిసారీ ఆ అద్దం టపామని లేచి పడుతుంది, మంత్రాల మధ్యలో జనం తలతిప్పి చూస్తారు. వాడిదాంట్లో అద్దమూ లేదు, చప్పుడూ లేదు.

"ఏరా, ఎప్పుడు కొన్నావు?"

"మొన్ననే అన్నయ్యా. వీడియోకే. ఫోటోలు కూడా బానే వస్తాయిలే."

ఫోటోలు కూడా అంట! అవి నావి గదా. ఆ రోజు భోజనాల్లో నాకు ముద్ద దిగలేదు. వాడు మాత్రం గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు.

ఇంతలో మా మామగారి మూడో అమ్మాయికి సంబంధం కుదిరింది. ఆయనది ప్రకాశం జిల్లాలో పల్లెటూరు, మిరపా పత్తీ వేస్తారు. ఈ కాలం పిల్లలకు పెళ్ళికి ముందు షూటింగ్ ఉండాలి కదా, వాళ్ళ నాన్న మిరప కళ్లంలోనే కావాలంది మా మరదలు. కళ్లమంటే కోసిన కాయ ఆరబోసే చోటు. ఎకరం మేర నేలంతా ఎర్రగా ఉంది. పెళ్ళికొడుకు పాపం పట్నంవాడు. ప్రేమగా ఆ పిల్ల చెయ్యి పట్టుకోవడం, ఘాటుకి ముఖం తిప్పి తుమ్మడం, మళ్ళీ పట్టుకోవడం. మా మరదలు ఓణీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నేను ఫోటోలు తీశాను, వాడు వీడియో తీశాడు.

వారం తిరక్కుండా ఆ వీడియో చుట్టాలందరి ఫోన్లలోకీ పాకింది. మా అత్తగారు చూసి కళ్ళొత్తుకుంది. మా ఆవిడ, నా సొంత పెళ్ళాం, నా పక్కనే కూర్చుని నాలుగుసార్లు చూసింది. "మరిది ఎంత బాగా తీశాడండీ" అంది. నేను టీవీ సౌండు పెంచాను.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని నా ఫోటోలూ, వాడి వీడియోలూ పక్కపక్కన పెట్టి చూశారు. "అబ్బ! చిన్నల్లుడు తీసిందాంట్లో కాయ కాయా విడిగా కనపడతందయ్యా, తొడిమతో సహా" అని, నా ఫోటో మీద వేలు పెట్టి, "ఇదేంటి అల్లుడుగారూ, ఇక్కడ ఎర్ర రంగు డబ్బా ఒలికినట్టుంది?" అన్నారు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరపకాయ చూస్తున్న మనిషి. ఆయనకేం చెప్పి తప్పించుకోను? పుండు మీద కారం చల్లడమంటే ఏమిటో నాకు ఆ కళ్లం ఫోటో దగ్గరే తెలిసింది.

అసలు మాట ఆయన తర్వాత తీశారు. "రెండోదాని తర్వాత మళ్ళీ ఇదే మనింట్లో శుభకార్యం. రేపు వియ్యాలవారు మీ అల్లుళ్ళేరీ అంటే నేనెవర్ని చూపించేది? ఇద్దరూ కెమెరాల ఎనకాలే ఉంటిరి. ఈమధ్య ఒకే కెమెరాతో రెండూ తీస్తన్నారంటగా. ఒకరు తీయండి. ఒకరు పట్టుపంచె కట్టుకుని అల్లుడిలా కూర్చోండి."

మాట ఇద్దరితో అన్నారు గాని చూపు వాడి వైపే ఉంది. ఆ పెళ్ళికి చుట్టుపక్కల పది ఊళ్ళ జనం వస్తారు. వాళ్ళ ముందు నేను పంచె కట్టుకుని కుర్చీలో కూర్చుని, నేను నేర్పినవాడు నా ఎదురుగా తీస్తుంటే ఇంకేముంది? పెదకాకాని ఆయన పనైపోయిందట అంటారు. మళ్ళీ ఒక్క పెళ్ళికి పిలవరు.

"నేనే తీస్తాను మావయ్యగారూ. నేనూ కొత్త కెమెరా కొంటున్నాను" అన్నాను. ఆ క్షణం వరకూ నాకు ఆ ఆలోచనే లేదు.

వాడు, "అట్టాగే కానీండి. అన్నయ్య తీస్తే నేను కూర్చుంటా" అన్నాడు. వాడలా ఒప్పుకోవడం కూడా నాకు నచ్చలేదు. కాసేపు కాదంటే వాడి సొమ్మేం పోయింది?

మర్నాడే గుంటూరు వెళ్ళాను. పెద్ద షాపు, లోపల చల్లగా ఏసీ. కౌంటర్లో కుర్రవాడు అడిగాడు. "ఫోటోకా సార్, వీడియోకా?"

"రెండిటికీ."

"ఎక్కువ ఏది తీస్తారు?"

నేను జన్మలో వీడియో తీయలేదు. ఆ సంగతి ఆ కుర్రాడికెందుకు? "రెండూ సమానంగా" అన్నాను.

అతను ముందు ఒక లావుపాటి కెమెరా బల్ల మీద పెట్టాడు. "పెళ్ళిళ్ళకయితే ఇది తీసుకోండి సార్. వెనకాల చిన్న ఫ్యాను ఉంది, ఎన్ని గంటలు వీడియో తీసినా వేడెక్కి ఆగదు. కార్డులు రెండు పడతాయి, ఒకటి పాడైనా రెండోదాంట్లో ఉంటుంది. ఎర్ర రంగు కూడా చెదరదు."

చేతిలోకి తీసుకున్నాను. బాగా ఇమిడింది. అప్పుడు చూశాను దాని మీది మోడల్ అంకె. వాడిది ఇదే! గుమ్మడికాయంత నిజం కళ్ళముందు పెడితే, అది వాడి పెరట్లో కాసిందని వద్దన్న మొనగాణ్ణి నేను.

"ఇంతకన్నా పెద్దది లేదా?" అన్నాను.

"పెద్దదంటే?"

"దీనికన్నా పైది. అంకె పైది."

అతను సన్నటి కెమెరా ఇంకొకటి తీశాడు. మెగాపిక్సెళ్ళు మొదటిదానికి దాదాపు రెట్టింపు. దాన్ని నా వైపు తిప్పి తెర చూపించాడు. నా కంటి చుట్టూ చిన్న పచ్చ గడి. తల ఎటు తిప్పితే అటు వచ్చింది. "ఇప్పుడు వచ్చేవాటిలో అన్నిట్లోనూ ఉంది సార్ ఇది. ఎంత జనంలో ఉన్నా ఎదురుగా కన్ను కనపడిందంటే పట్టేసుకుంటుంది, వదలదు" అన్నాడు. నాకు భలే ముచ్చటేసింది.

"కాకపోతే సార్, ఇది ఫోటోలకి రాజు. వీడియో ఎక్కువసేపు తీస్తే ఎండలో వేడెక్కి ఆగిపోద్ది. మీది ఏసీ హాళ్ళలోనా, పందిళ్ళలోనా?"

"అబ్బాయ్, గుంటూరోడికి ఎండ గురించి చెబుతున్నావా? ఎండలో పుట్టాం, ఎండలో పెరిగాం" అన్నాను. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నాకు సంతోషమేసింది. కెమెరాకి గుంటూరు పుట్టుక లేదన్న ఇంగితం నాకు లేకపోయింది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. అప్పటికి నెలల తరబడి ఆ మొదటి కెమెరాతో పందిళ్ళలో తీస్తున్నవాడు నాకు తెలిసి ఒక్కడే. ఒక్క ఫోను చేసి ఏరా ఏది కొనమంటావు అని అడిగితే అయిపోయేది. కానీ పెద్దల్లుణ్ణి నేను, చిన్నల్లుణ్ణి అడగడమా? తల తీసి మొల వేసినట్టుండదూ! సన్నదే కొన్నాను. వాడి దగ్గర లేనిది.

పెళ్ళి మే నెలలో, ఇంటి ముందు పందిట్లో. ముహూర్తం పగలు పదకొండు దాటాక. పైన తాటాకులు వేశారు గాని గాలి లేదు. పొద్దున గౌరీపూజ దగ్గర్నుంచీ ఆపకుండా తీస్తూనే ఉన్నాను. వాడు పట్టుపంచె కట్టుకుని, బొట్టు పెట్టుకుని, వియ్యాలవారి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ పూట నా సంతోషానికి హద్దు లేదు. వాడి ముందు నుంచి అవసరం లేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను.

జీలకర్రా బెల్లం అయింది. తెర తీశారు. మంగళసూత్రం కొబ్బరిబోండాం మీద పెట్టి పెద్దవాళ్ళందరి చేతా ముట్టిస్తున్నారు. అప్పుడు కెమెరా తెర మీద ఎర్రటి గుర్తు ఒకటి వెలిగింది. చూస్తుండగానే తెర నల్లబడింది. మీట నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ తీసి పెట్టాను. లేదు. కెమెరా ఒళ్ళు మాత్రం పెనంలా కాలుతోంది. పాత కెమెరా తేలేదు, అది సంచిలో కనపడితే నాకు నామోషీ అని ఇంట్లో వదిలేసి వచ్చాను. అక్కడున్న ఒక పెద్దావిడ చేతిలో విసనకర్ర లాక్కుని కెమెరాకి విసరడం మొదలుపెట్టాను.

"ఏవండీ, ఏమైంది?" అని మా ఆవిడ కేక. మామగారు నా వైపు ఒక్కసారి చూసి, అటు తిరిగారు. "చిన్నల్లుడుగారూ!" అని పిలిచారు.

వాడు అప్పటికే లేచాడు. కండువా నడుముకి బిగించి, కారులోంచి కెమెరా తెచ్చాడు. కూర్చోమన్న పెళ్ళికి కెమెరా ఎందుకు తెచ్చాడో నేనిప్పటికీ అడగలేదు. మంటపానికి ఎదురుగా వంగి నిలబడ్డాడు, పురోహితుడికి అడ్డం పడకుండా, నేను నేర్పినట్టే. నేను పెళ్ళికూతురి వెనక ఉన్నాను.

"అన్నయ్యా, కొంచెం పక్కకి జరుగు. ఫ్రేములో పడతన్నావు."

వినపడింది. నేను జరగలేదు. ఎందుకు జరగాలి? అది నేను నిలబడే చోటు. ఇన్నేళ్ళుగా మాంగల్యధారణ నేను అక్కణ్ణుంచే తీస్తాను. చేతిలో చచ్చిన కెమెరా, ఇంకో చేతిలో విసనకర్ర పట్టుకుని వాణ్ణే చూస్తూ నిలబడ్డాను. గట్టిమేళం మోగింది. మూడు ముళ్ళూ పడ్డాయి.

నెల తర్వాత వాడు ఫోను చేశాడు. "అన్నయ్యా, ఒకసారి చీరాల రా. వీడియో అందరికీ ఇచ్చే ముందు నువ్వు చూడాలి."

వెళ్ళాను. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. కంప్యూటర్ ముందు కుర్చీ నాకు వేసి, వాడు నిలబడ్డాడు. తాళి కట్టే ఘట్టం పెట్టాడు. పెళ్ళికూతురు తల వంచుకుని ఉంది. పెళ్ళికొడుకు ఆమె జడ మీదుగా వంగాడు, అతని ముఖమూ కనపడదు. ఆ ఫ్రేములో కెమెరాకి ఎదురుగా ఉన్న కళ్ళు రెండే. నావి. కెమెరా వాటినే పట్టేసుకుంది, వాళ్ళిద్దరూ మసకబారిపోయారు. వాళ్ళ వెనక నేను, రెప్ప వెంట్రుకలతో సహా, కాయ తొడిమంత స్పష్టంగా. ఆ చూపు అద్దంలో నేనెప్పుడూ చూసుకోలేదు. చిన్నపిల్లలెవరైనా చూస్తే జడుసుకుంటారు.

"కత్తిరించరా" అన్నాను.

"కత్తిరిస్తే ముళ్ళు పోతాయన్నయ్యా. మూడూ ఇందులోనే ఉన్నాయి. ఇంకో షాట్ లేదు."

ఆ ఇంకో షాట్ తీయాల్సింది నేను.

మామగారింట్లో అందరం కూర్చుని చూశాం. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ ఘట్టం వచ్చింది. మా మరదలు, తన మెళ్ళో తాళి పడిన క్షణం చూసుకుందామని ముందుకు జరిగి, తెర వైపే చూస్తూ, "పెద్ద బావ ఏంటి అట్టా చూస్తన్నాడు?" అంది. నేను తలుపు గడియ లాగి చూస్తున్నాను.

"ఎండమ్మా" అన్నాడు వాడు. "ఆ రోజు అన్నయ్యకి వడదెబ్బ కొట్టింది. నేనే చూసుకోకుండా ఫోకస్ తప్పించాను. తప్పు నాది."

అంతా నమ్మారు. మా ఆవిడ కూడా నమ్మింది. ఆ మాట కూడా నాకన్నా వాడే బాగా అన్నాడు.

"అయ్యో, పాపం" అంటూ మా అత్తగారు లోపలికెళ్ళి నాకు చల్లటి మజ్జిగ తెచ్చింది. తెచ్చిన చేత్తోనే వాడికీ ఒకటి ఇచ్చింది. వాడి గ్లాసే పెద్దది.