ఠాణా గోడకు మేకు

ఆ రోజుల్లో నేను కనుసైగ చేస్తే సిరోంచ బస్టాండులో బస్సులు వెనక్కి తిరిగేవని మొన్న కొత్తగా చేరిన పోలీసు కుర్రాళ్ళకు చెప్పాను. (ఒక్క బస్సు తిరిగిన మాట నిజమే, డ్రైవరు గొడుగు మరిచిపోయాడు.) ఉద్యోగానికీ ఇంటికీ మధ్య మనిషి తనను తాను ఎలా నడుపుకోవాలో పది నిమిషాలు మాట్లాడమని రిటైరైన నన్ను వాళ్ళ అధికారి పిలిచాడు. “ఇంటికి బయల్దేరి ఠాణా గడప దాటే ముందు బెల్టు విప్పాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను” అని గంభీరంగా ముగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కూర్చున్న మా ఆవిడ మాత్రం కొట్టలేదు. అందుకని అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

పెళ్ళైన కొత్తలో ఇంద్రావతి ఒడ్డున ఒక చిన్న ఠాణాకు సిపాయిగా వెళ్ళాను. ఎక్కడి నుంచి వస్తున్నావు, సంచిలో ఏముంది అని పొద్దంతా దారిన పోయేవాళ్ళను అడగడమే నా పని. ఆ గొంతుతోనే ఇంటికి వెళ్ళేవాణ్ణి. కూరలో ఉప్పెక్కువైతే మా ఆవిడను ఎదురుగా నిలబెట్టి, “ఎన్ని గంటలకు ఏసినవ్? ఎవరు జూసిండ్రు?” అనేవాణ్ణి. మూడు నెలల్లో ఆమె మాటలు బాగా తగ్గిపోయాయి. నేనంటే భయమనుకుని మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం ఆమె బట్టల సంచితో నేరుగా ఠాణాకే వచ్చింది. అప్పుడు ఆమెకు ఐదో నెల. నన్ను చూడనట్టే దాటి వెళ్ళి ఠాణాకు పెద్దయిన మా జమాదారు బల్ల ముందు నిలబడింది.

“జమాదారన్నా, తక్రార్ రాసుకో. మా ఇంట్ల రోజూ ఒక పోలీసోడు జొరబడుతున్నడు.”

ఫిర్యాదు రాయడానికి జమాదారు కలం తీశాడు. “ఎట్లుంటడు చెల్లె?”

“మీసముంటది. అడుగుడు తప్ప ఇంకో మాట రాదు. నన్ను పెండ్లి చేసుకున్నాయన ఈ ఊరికొచ్చిన కాడ్నించి కనవడ్తలేడు. జర దేవులాడిపెట్టు. మూడు గంటల బస్సుదాక చూస్త. దొరకకుంటే ముల్చేరకు మా అమ్మగారింటికి పోత. మళ్ళ రాను.”

గదిలో ఉన్నవాళ్ళంతా కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు. గోడ గడియారంలో మూడుకు పది నిమిషాలు తక్కువ. (నేను గర్జించానని రాద్దామనుకున్నాను. కానీ నేనూ కిటికీ వైపే తిరిగాను.)

జమాదారు నవ్వలేదు. ఎక్కడి నుంచో ఒక మేకు తెచ్చి, రాయితో గోడకు కొట్టాడు.

“బెల్టు విప్పు. టోపీ తియ్యి. ఇగ రోజూ ఇంటికి పోయేటప్పుడు ఇవి ఈడనే ఉండాలె. నదికాడ కూసొని ఒక చాయ్ తాగి, అప్పుడు పో.”

“డ్యూటీల ఉన్న గద సాబ్,” అని గొణిగాను.

“ఈ పూట నీకు సుట్టి. నా పెద్దబిడ్డ ఇంట్ల నన్ను సార్ అంటది, ఎర్కేనా? నా మీద ఎవ్వరూ తక్రార్ ఇయ్యలె. నీ మీద ఇచ్చిండ్రు. నసీబున్నోడివి.”

ఇక ఎవరూ నవ్వలేదు. బెల్టు తీశాను. అది లేకపోతే నా ప్యాంటు నిలవదని అప్పుడే తెలిసింది. ఒక చేత్తో నడుమూ ఇంకో చేత్తో ఆమె సంచీ పట్టుకుని బయటికి నడిచాను. మూడింటి బస్సు వచ్చి ఆగింది. ఆమె బస్సును చూసింది, నన్ను చూసింది. నాకు వచ్చిన ప్రశ్నలన్నీ ఆ మేకుకే వేలాడుతున్నాయి కాబోలు.

“ఆకలైతుంది,” అన్నాను.

“నాకు గూడ,” అంది. బస్సు వెళ్ళిపోయింది.

తరవాత ఎన్ని ఠాణాలు మారినా వెళ్ళిన చోటల్లా ముందు గోడకు ఒక మేకు కొట్టుకున్నాను. నా బిడ్డ నన్ను ఈనాటికీ బాపు అనే పిలుస్తుంది. ఆ జమాదారు ఇప్పుడు లేడు. ఉంటే మొన్నటి చప్పట్లన్నీ ఆయనకు అప్పగించేవాణ్ణి.

ఆ సభ నుంచి ఇంటికి వచ్చాక, అంత గొప్పగా మాట్లాడినవాణ్ణి కదా అని, చాయ్ ఇంకా ఎందుకు రాలేదని కాస్త గొంతు పెంచాను. “బెల్టు,” అంది మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచే. నడుము తడుముకుంటే పంచె ముడే తగిలింది. దాన్ని విప్పే ధైర్యం లేక, వాకిట్లోకి వెళ్ళి కాసేపు కూర్చుని, మళ్ళీ లోపలికి వచ్చాను.