రాసుకో, నాది ఒంటికి గోలీ

బుధవారం. వడగాలి. పొద్దున్నే నీళ్ల తొట్టి కడుగుతుండగా బావ వచ్చి, వాళ్లమ్మ పోయిందని చెప్పాడు. ఎర్రగుంట్లలో గాజుల అంగడి నడిపిన మా మేనత్త.

రెండేళ్ల కింద ఆమెకు అరగంటకోసారి ఒంటికి వచ్చేది. మూత్రం ఆపుకోలేకపోయేది. కర్నూలు డాక్టరు ఇచ్చిన గోలీలతో నెమ్మదించింది. సిగ్గుతో ఆ గోలీల పట్టీని ఎవరికీ చూపక నడుము సంచిలో దాచింది. తర్వాత దురదలొస్తే ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. "వేరే మందులేమన్నా వాడుతున్నావా?" అని ఆయన అడిగితే, పక్కన నేనున్నానని తల అడ్డంగా ఊపింది.

దురద గోలీలు మొదలుపెట్టిన వారానికి నోరు పిడచగట్టింది. నన్ను తన నాయన పేరుతో పిలిచింది. బావ అంగడి బీగం చెవి తీసేసుకున్నాడు. 'అత్తకు మతి తప్పింది' అని నా రోజువారీ పుస్తకంలో నేనూ రాసుకున్నాను.

చివరికి ఒంటికే రాకుండా బిగదీసుకుపోయింది. ఆసుపత్రిలో చీర మార్చేటప్పుడు నర్సుకు ఆ పట్టీ దొరికింది. రెండు గోలీల గుణమూ ఒకటేననీ, కలిస్తే పెద్దవాళ్లకు నోరెండి, మూత్రం బిగిసి, మనసు మసకబారుతుందనీ డాక్టరు చెప్పి మందులు మార్చాడు. నాలుగు రోజులకు అత్త కళ్లు తేటబడ్డాయి.

"నా బీగం చెవి యాడుండాది?" అనింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏం రాసినావు అల్లుడా? చదువు."

చదివాను.

"తప్పింది మతి గాదప్పా, గోలీల లెక్క. కొట్టెయ్."

కొట్టేశాను.

అప్పట్నుంచి ఏ మందుల అంగడికి పోయినా, ఎంత గుంపున్నా, గొంతెత్తేది. "రాసుకో, నాది ఒంటికి గోలీ! దానికీ దీనికీ పడతాదా, చెప్పు." ఆడపిల్లలు నవ్వితే, "నవ్వండి మే, మీకు రాదా ఒంటికి?" అనేది. పోయేదాకా అంగడి ఆమే తెరిచింది.

ఈ రోజు శవం దగ్గర ఒక పెద్దాయన, "పాపం, కడాకు మతి లేకపాయె" అన్నాడు. నేను నలుగురిలో మాట్లాడేవాణ్ణి కాదు. లేచి నిలబడి, "ఉండె. మనందరికంటే శానా ఉండె" అన్నాను. గోలీల సంగతి మొత్తం చెప్పాను. ఆమె దాచిందీ, నేను తప్పు రాసిందీ.

మూలనున్న పక్కింటి అవ్వ కొంగుముడి విప్పి ఒక పట్టీ తీసింది. "ఇది ఒంటికి గోలీనే నాయనా. నిద్రకు ఇంగోటి మింగుతాండా. పడతాదా?" అందరి ముందే అడిగింది.

నాకు తెలియదనీ, రెండూ తెస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాననీ చెప్పాను. అవ్వ చెప్పులేసుకుంది. గడప దగ్గర నిలబడిన మగవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు.

సాయంత్రం ఇంటికొచ్చాక నా పుస్తకంలో, ఆ కొట్టేసిన మాట కింద, 'అత్తకు మతి తప్పలేదు' అని రాసుకున్నాను.