నీళ్లు పండేదాకా

ఎదురింటి పెద్దమ్మ పోయిన కబురు వచ్చినప్పుడు నేను చేపలతొట్టి నీళ్లు పరీక్ష చేద్దామని గాజు గొట్టంలోకి మందు చుక్కలు వేస్తున్నాను. ఫోన్ కడప నుంచి. "అమ్మ పొద్దున పోయిందన్నా" అంది ఆమె కూతురు. ఎన్ని చుక్కలు వేశానో మరిచిపోయాను. ఆ నీళ్లు పారబోసి, గొట్టం కడిగి బోర్లించి, అక్కడే కూర్చుండిపోయాను.

ఆమె మాకు చుట్టం కాదు. మేము కోయిలకుంట్ల నుంచి కర్నూలు వచ్చి ఈ వీధిలో దిగిన రోజు బిందెడు తాగునీళ్లు తెచ్చిచ్చింది. అప్పటినుంచి పెద్దమ్మా అని పిలిచాను. ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసింది. రిటైరయ్యాక ముందుగదిలో ఒక అక్వేరియం, అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు పెట్టుకుంది. నీళ్లు మార్చేటప్పుడు తీసిన పాత నీళ్లను ఎప్పుడూ మోరీలో పొయ్యలేదు. గేటు పక్క కరివేపాకు చెట్టుకు పోసేది.

మా పాప అడిగిందని నేనూ ఒక తొట్టి కొన్నాను. బ్లీచింగ్ పోవాలని రెండు రోజులు బకెట్లలో నిలవబెట్టిన నీళ్లే నింపి, ఆ రోజే నాలుగు చేపలు వదిలాను. వారం తిరక్కుండానే నాలుగూ చచ్చిపోయాయి. పెద్దమ్మ వచ్చి వంగి చూసింది.

"నీళ్లు ఇంకా పచ్చిగా ఉండాయప్పా. సేపల రొచ్చంతా నీళ్లల్లో ఇసమయితాది. ఆ ఇసాన్ని తినే పురుగులు ఉంటాయి, కంటికి ఆనవు. అవి పెరిగేదాకా నీళ్లు పండవు. రోజూ చిటికెడు మేత మాత్రం ఎయ్యి, అది కుళ్లితేనే ఆ పురుగులకు తిండి. సేపలొద్దు."

"ఎన్నాళ్లు?"

"నెల. నెలన్నర కూడా కావొచ్చు."

"చేపల్లేని తొట్టికి మేతేస్తాంటే చూసినోళ్లు నవ్వుతారు పెద్దమ్మా."

"నవ్వనీ. సేపలు సచ్చినప్పుడు ఎవురూ నవ్వలే కదా."

తొందరగా పండాలని తన ఫిల్టర్‌లోని స్పాంజిని సగం కోసి, స్టీలు డబ్బాలో తడితడిగా ఇచ్చింది. అది మడ్డి పట్టి నల్లగా ఉంది. ఒకరిచ్చిన వస్తువును అట్లాగే వాడటం మా ఇంట్లో అలవాటు లేదు. కుళాయి కింద పెట్టి, పిండి పిండి, తెల్లగా చేసి చూపించాను.

"కడిగితివా?"

"శుభ్రంగా, పెద్దమ్మా."

ఆమె స్టూలు మీద కూలబడి నవ్వింది. "ముప్పై ఏండ్లు టెస్ట్ ట్యూబులు కడిగినా. కడగగూడనిది ఇది ఒగటే ఉండె. దాన్నీ నువ్వు కడిగితివి."

ఆ పురుగులుండేది మడ్డిలోనేనట. మిగిలిన సగంలో మళ్లీ సగం కోసి ఇచ్చింది. ఆ తర్వాత వారం రోజులు కరివేపాకు చెట్టు కింద నేల పొద్దున్నే తడిగా కనిపించేది. స్పాంజి తగ్గి తన చేపలకు ఇబ్బంది కాకుండా, మోకాళ్ల నొప్పులతోనే ఆమె రోజూ నీళ్లు మారుస్తోందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పొద్దున పూట వచ్చి నాతో పరీక్ష చేయించేది. ఎనిమిది చుక్కలు, పైకి లెక్కపెడుతూ. గొట్టాన్ని కొంగుతో తుడిచి, వెనక తెల్లకాగితం పెట్టి, వాకిట్లో ఎండ వెలుతురులో చూసేది. ఆకుపచ్చ అయితే విషం ఉన్నట్టు, పసుపు అయితే పోయినట్టు. ఆ విషం విరిగి పుట్టే రెండో విషానికి ఇంకో మందు, దానికి ఊదా పోయి నీలం రావాలి.

ఆకుపచ్చ ఇంకా తగ్గకముందే వైద్యానికని కూతురి దగ్గరికి కడప వెళ్లింది. తాళంచెవి నాకిచ్చి, "నా సేపలకు మేతెయ్యి. నీ తొట్టిలోకి మాత్రం ఇప్పుడే ఏమీ తేవద్దు" అంది. రోజూ ఫోన్ చేసి "ఏం రంగు?" అని అడిగేది. ఒకరోజు ఆమె గొంతు బాగా నీరసంగా ఉంటే, పసుపే వచ్చిందన్నాను.

"ఏ వెలుతురులో సూసినావు?"

ఆకుపచ్చగానే ఉన్న గొట్టాన్ని పక్కన పెట్టాను.

"నీకు కావాల్సినట్ల సూడొద్దప్పా. ఉండేటట్ల సూడు."

మట్టి చేసిన రోజు కడపలో ఆమె కూతురు నన్ను పక్కకు పిలిచింది. "అమ్మ శానాసార్లు చెప్పిందన్నా. నీళ్లు పండినంక రెండింటినీ నీ తొట్టిలోనే ఎయ్యమనింది." రోజూ రంగు ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమయింది.

ఆమె పోయిన పన్నెండో రోజు పసుపు వచ్చింది. నమ్మలేక రెండుసార్లు వాకిట్లోకి పోయి చూశాను. ఇంకో నాలుగు రోజులకు నీలం కూడా వచ్చింది. మరునాడు పొద్దున రెండు చేపలనూ బకెట్టులో పెట్టుకుని వీధి దాటించాను. మా తొట్టిలో కాసేపు అడుగున నిలబడి, తర్వాత మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి.

పెద్దమ్మ తొట్టిలో మిగిలిన నీళ్లను తోడి కరివేపాకు చెట్టుకు పోశాను. వారానికోసారి మా వీధికి వచ్చే ఆకుకూరలామె ఆ తడి చూసి బుట్ట దించింది.

"పెద్దమ్మ వచ్చినాదా అన్నా కడప నుంచి?"

నేను చెప్పాను. ఎండకు ఆ తడి అంచుల నుంచి ఆరుతూ చెట్టు మొదలు దాకా వచ్చింది. అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆమె బుట్ట ఎత్తుకోలేదు, నేను బకెట్టు ఎత్తలేదు.